చెయ్యెత్తే మలుపు

కాలిఫోర్నియాలో సియెరా కొండల్లోకి ఎక్కే దారుల్లో టర్నర్ గ్రేడ్ అని ఒక ఎక్కుడుంది. మూడు మైళ్ళు, గుక్క తిప్పుకోనివ్వదు. కుడిచేతివైపు కొండ, ఎడంచేతివైపు లోయ. సగం దారిలో ఒక మలుపు. ఆ మలుపుకి కాస్త కిందుగా, ఇంజన్ వేడెక్కిన బళ్ళు ఆపుకోవడానికి కొండని తొలిచి కొంచెం జాగా వదిలారు.

ఆ జాగాకి మంచి పేరు లేదు.

చీకటి పడ్డాక అక్కడ ఒక ముసలాయన నిలబడి ఉంటాడట. నెత్తిన టోపీ, ఒంటిమీద గళ్ళ చొక్కా. మాట్లాడడు. మీదికి రాడు. ఊరికే... అరచెయ్యి ఎత్తి చూపిస్తాడు — ఆపమని.

ఆపకూడదు. ఆపినవాడు మళ్ళీ బండి స్టార్ట్ చెయ్యలేదు. ఇదీ మన తెలుగువాళ్ళు చెప్పుకునే మాట. ఆ రోజుల్లో సన్నీవేల్, శాంటా క్లారాల్లో కలిపి మహా అయితే నలభై తెలుగు కుటుంబాలు ఉండేవేమో, 1983 వేసవి దాటేసరికి ఈ సంగతి తెలియని ఇల్లు ఒక్కటీ లేదు. ఆ చోటికి చెయ్యెత్తే మలుపు అని పేరు పెట్టింది కూడా మనవాళ్ళే.

ముసలాయన చావు మాత్రం కథ కాదు, నిజం. 1976లో ఆయన ట్రక్కు రేడియేటర్ పొంగితే ఆ జాగాలో ఆపుకున్నాడు. నీళ్ళ కోసం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు. పైనుంచి ఒక కారు వస్తున్న అలికిడైంది. సాయం చేస్తారని చెయ్యెత్తాడు.

ఆ కారులో డ్రైవర్ లేడు.

పైన ఎక్కడో వెళ్తున్న మోటర్‌హోమ్ వెనక నుంచి తెగిపోయిన కారు అది. మోటర్‌హోమ్ అంటే మంచం, పొయ్యి, కుళాయి అన్నీ లోపలే ఉన్న బస్సు. దాన్ని ఊళ్ళో సందుల్లో తిప్పలేరు కనక, దూరం వెళ్ళేవాళ్ళు చిన్న కారొకదాన్ని వెనక తగిలించుకుపోతారు. అలా తగిలించిన కారు ఊడి, లైట్ల తీగ కూడా తెగి, ఆ చీకట్లో ఇంజన్ చప్పుడు లేకుండా వెనక్కి దొర్లుకుంటూ వచ్చింది. ముసలాయన్ని గుద్ది వెళ్ళి కొండకి కొట్టుకుంది. జాగాలో ఉన్న ఆయన ట్రక్కుకి గీత కూడా పడలేదు.

ఇక నేను చెప్పబోయేది 1983 సంగతి. నేను అక్కడ లేను. కొంత కృష్ణమోహన్ చెప్పాడు, కొంత ఉష చెప్పింది. ఆఖరి ముక్క రేణు చెప్పింది. ఎవరి ముక్క వాళ్ళు వేరువేరుగా చెప్పారు, ముగ్గురూ ఒకచోట కూచుని ఇప్పటికీ మాట్లాడుకోరు.

కృష్ణమోహన్ శాంటా క్లారాలో ఇంజనీరు. తెలివికి లోటు లేదు, చెప్తే వినే చెవే లేదు. ఆ వేసవిలో ఎవరో అమ్మేస్తుంటే పాత మోటర్‌హోమ్ కొన్నాడు. వెనక తగిలించడానికి వాళ్ళ చిన్న కారు ఉండనే ఉంది. షాపువాడు బిగిస్తానంటే ఒప్పుకోలేదు.

"మనకి తెలియని ఇంజనీరింగా? నేనే డిజైన్ చేస్తా," అన్నాడు.

చేశాడు కూడా. బాగానే చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కారు ముందు ఒక ఇనప బారు. ఆ బారు కొసని మోటర్‌హోమ్ కిందున్న చదరపు గొట్టంలోకి దూర్చి, అడ్డంగా పిన్ను వెయ్యడం. పిన్ను జారకుండా దాని చివర చిన్న క్లిప్పు. అది చాలక ఒక ఉక్కు కేబుల్ — ఒక కొస మోటర్‌హోమ్ బంపర్ కిందున్న కొక్కేనికి, రెండో కొస కారు లోపల బ్రేక్ పెడల్‌కి. ఖర్మ కాలి కారు ఊడితే, ముందుకెళ్ళే మోటర్‌హోమ్ ఆ కేబుల్‌ని గుంజుతుంది. పెడల్ దానంతటదే లోపలికి దిగుతుంది, కింద అమర్చిన ఇనప పన్ను దాన్ని మళ్ళీ పైకి లేవనివ్వకుండా పట్టేస్తుంది. డ్రైవర్ లేని కారు ఉన్నచోటే బిగుసుకుని నిలబడుతుంది.

ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో అందర్నీ పిలిచి చూపించాడు. కేబుల్ గుంజాడు. కారు కీచుమని ఆగింది. మేమంతా చప్పట్లు కొట్టాం.

"మరి గొలుసులేవీ?" అని నేనడిగాను. బారు ఊడినా కారు విడిపోకుండా రెండు గొలుసులు కూడా వేస్తారు అక్కడ.

"రోడ్డుకి రాసుకుని ఒకటే గోల. కేబుల్ ఉండగా అవెందుకోయ్?" అన్నాడు.

అంటే ఆ కారు ఊడితే ఆపేది ఆ ఒక్క కేబులే.

సెప్టెంబరు మొదటి సోమవారం కలిసొచ్చే లేబర్ డే సెలవులకి కొండమీది సరస్సుకి పోదామనుకున్నారు. కృష్ణమోహన్, ఉష, పదేళ్ళ రేణు, వాళ్ళతో శ్యామ్‌సుందర్. శ్యామ్ చుట్టం కాదు. చదువైపోయి కొత్తగా ఉద్యోగంలో చేరిన బ్రహ్మచారి, శుక్రవారం వస్తే ఉష చేతి పప్పుకి తయారయ్యేవాడు. రేణుకి అతనంటే ప్రాణం. ఆ పిల్లకి తెలుగు అక్షరాలు నేర్పింది అతనే.

అతనికి ఉన్న ఒకే ఒక్క లోపం దెయ్యాలంటే భయం. రాత్రిపూట చెత్త పారెయ్యడానికి కిందికి వెళ్ళినా దండకం చదువుకుంటూ వెళ్ళేవాడు. మేమంతా ఏడిపించి చంపేవాళ్ళం. నేను మరీనూ.

ప్రయాణానికి వారం ముందు వాళ్ళింట్లో భోజనాలయ్యాక, టర్నర్ గ్రేడ్ మీదుగా వెళ్తున్నారని తెలిసి, లైటు తీసేసి ముసలాయన కథ చెప్పాను. మా ఆఫీసులో యంత్రాలు బాగుచేసే వాల్ట్ అనే పెద్దాయన ఆ కొండల ప్రాంతం వాడు, నాకు చెప్పింది ఆయనే. శ్యామ్ మొహంలోకే చూస్తూ చెప్పాను. చెయ్యెత్తే దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించాను.

శ్యామ్ నాకేసి జరిగాడు. "గురూ... ఆపకపోతే ఏం చెయ్యడు కదా?"

"ఆపకపోతే ఏం చెయ్యడు. కాలు గ్యాస్ పెడల్ మీద నుంచి తియ్యకూడదు. వెనక్కి చూడకూడదు. అంతే."

"అంకుల్, దట్స్ సో స్కేరీ," అంది రేణు, నవ్వుతూ. ఉష మాత్రం నవ్వలేదు. "పడుకునే ముందు ఆ కబుర్లేంటి అన్నయ్యగారూ," అని లైటు వేసింది.

శుక్రవారం సాయంత్రం ఆఫీసులనించి వచ్చి బయల్దేరారు. కొత్తబండి దూరప్రయాణం కనక ఉష కొబ్బరికాయ కొట్టింది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. ఇండియా పంచాంగంలోంచి గంటలు తీసేసి, కలిపేసి, అయిదూ నలభైకి వర్జ్యం వస్తుందని తేల్చింది. అప్పటికి అయిదున్నర.

ఇంకా దిష్టితాడు మిగిలింది. నల్లదారానికి గుచ్చిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు.

"వెనక కట్టాలండీ. ఇనుముకే కట్టాలి."

వెనక కట్టడానికి వీలైంది బంపర్ కింద కొక్కెం ఒక్కటే. దానికి కేబుల్ ఉంది.

"అది నా కేబుల్, దాన్ని ముట్టుకోకు," అన్నాడు కృష్ణమోహన్.

"గ్రీజు అంటుతుంది. రెండు నిమిషాలు తీస్తే ఏం పోయింది? కట్టాక మళ్ళీ పెట్టుకోండి."

పెళ్ళాంతో వాదించే టైము లేదు. కేబుల్ తీసి, కింద పడకుండా ఇనప బారుకే ఉన్న ఒక మొలకి తగిలించాడు. ఉష కొక్కేనికి దారం కట్టింది, మూడు ముళ్ళు వేసింది. ఈలోపల రేణు వచ్చి, తను శ్యామ్ అంకుల్ కారులో వస్తానని పేచీ పెట్టింది. సెలవైనా తనకి సోమవారం పొద్దున్నే ఆఫీసుంది కనక శ్యామ్ తన కారు వేరే తెచ్చుకుంటున్నాడు. వద్దని తల్లి, పోనీమని తండ్రి. వర్జ్యం వచ్చేస్తోందని ఉష. రేణు శ్యామ్ కారే ఎక్కింది, సరే ఎక్కండెక్కండి అని అందరూ ఎక్కేశారు.

కేబుల్ బారుకే ఉండిపోయింది.

బారు ఊడితే కారుతోపాటే పోతుంది. దానికి తగిలించిన కేబులూ దానితోనే పోతుంది. ఇంక గుంజేది ఎవరు? కృష్ణమోహన్‌కి ఈ లెక్క తెలియక కాదు. ఆ తరవాత నాకు నలభైసార్లు చెప్పాడు — తెలియక కాదు, మర్చిపోయానురా అని.

టర్నర్ గ్రేడ్ కిందికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటింది. చీకటి పడింది. ముందు మోటర్‌హోమ్, దానివెనక తగిలించిన కారు, ఒక అరమైలు వెనకగా శ్యామ్ కారు. ఎక్కుడు మొదలైంది.

దారిలో ఎక్కడో పిన్ను చివరి క్లిప్పు విరిగిపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. బండి అదిరినప్పుడల్లా పిన్ను ఒక వెంట్రుకవాసి జారుతోంది...

ఉష కిటికీ పక్కన కూచుంది. జాగా దగ్గరికి వచ్చారు. హెడ్‌లైట్ల వెలుగు కొండని రాసుకుంటూ వెళ్ళింది.

అక్కడ ఒక మనిషి ఉన్నాడు.

టోపీ. గళ్ళ చొక్కా. నిటారుగా నిలబడ్డాడు. ఉష భర్త చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ... అదిగో."

"ఏది?"

"ఆయన... మనకేసి చూడట్లేదండీ. మన వెనక్కి చూస్తున్నాడు. బండి కిందికి."

కృష్ణమోహన్‌కి ఏమీ కనపడలేదు. మలుపు మీదే ఉన్నాయి కళ్ళు. "ఆపి చూడనా? టైర్ ఏమైనా —"

"ఆపకండి!" అని గుసగుసగా అరిచింది ఉష. "అన్నయ్యగారు చెప్పలా? ఆపకండి, మీకు దణ్ణం పెడతాను."

ఆపలేదు.

మలుపు తిరిగి రెండు ఫర్లాంగులు వెళ్ళేసరికి, అంతసేపూ ఆయాసపడుతూ ఎక్కుతున్న బండి ఒక్కసారి కాడి దించిన ఎద్దులా తేలికైంది. జోరుగా ముందుకెళ్ళింది. కృష్ణమోహన్ స్టీరింగ్ మీద చరిచాడు.

"చూశావా పికప్! పాతబండి అన్నావు," అన్నాడు సంతోషంగా.

ఆ మాట చెప్పేటప్పుడే ప్రతిసారీ అతను ఏడుస్తాడు. తన కూతురి మీదికి కారు వదిలేసి సంతోషించిన తండ్రిని నేనొక్కణ్ణే అంటాడు.

పైనున్న మలుపులో అలవాటుగా అద్దంలోకి చూశాడు. వెనక రోడ్డుంది. చీకటుంది. కారు లేదు.

కింద శ్యామ్ కారు అప్పుడే ఆ జాగాని చేరుతోంది.

ఇక్కడి నుంచి రేణు చెప్పినది. రేణు ముందు సీట్లో కూచుని, వేళ్ళమీద తెలుగు నెలల పేర్లు అప్పజెప్తోంది. ఆశ్వయుజం దగ్గర ఆగిపోయి, శ్యామ్ అందిస్తాడేమోనని తల తిప్పింది. అతను రోడ్డుకేసి చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

లైట్ల వెలుగులో ముసలాయన. ఈసారి పక్కన లేడు — రోడ్డు అంచు మీదికి వచ్చి నిలబడ్డాడు. చెయ్యెత్తాడు. అరచెయ్యి తెల్లగా, వెడల్పుగా కనిపించిందట. మొహంలో కోపం లేదంది రేణు. ఏడుస్తున్నట్టు ఉన్నాడంది.

"అంకుల్, ఆయన స్టాప్ చేయమంటున్నాడు."

శ్యామ్ స్టీరింగ్ మీదికి వంగాడు.

"అంకుల్, హీ నీడ్స్ హెల్ప్. ఆపు ప్లీజ్."

"చూడకు రేణూ," అన్నాడు శ్యామ్. "కళ్ళు మూసుకో. వెనక్కి చూడకు. ఆపకపోతే ఏం చెయ్యడు... ఏం చెయ్యడు..."

కాలు గ్యాస్ మీద గట్టిగా నొక్కాడు. కారు ముసలాయన్ని దాటేసింది. దాటుతున్నప్పుడు ఆయన రెండో చెయ్యి కూడా ఎత్తాడు. రేణు కళ్ళు మూసుకోలేదు.

మలుపు తిరిగారు.

ఎదురుగా ఏమీ లేదు. లైట్లు లేవు, చప్పుడు లేదు. శ్యామ్ ఊపిరి వదిలాడట. "అయిపోయింది," అన్నాడట, నవ్వబోయి.

అప్పుడు వాళ్ళ లైట్ల వెలుగులోకి ఒక కారు వెనకభాగం వచ్చింది. వెనక్కి... పైనుంచి కిందికి... వాళ్ళ మీదికి. వాళ్ళకి తెలిసిన కారే. నంబరు ప్లేటు చదివేంత దగ్గరికి వచ్చేసింది. లోపల స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు.

అలాంటప్పుడు ఎవడైనా తన ప్రాణం తప్పించుకునేలా తిప్పుతాడు. చెయ్యి దానంతటదే అలా తిరుగుతుంది. శ్యామ్ కొండవైపు తిప్పాడు, పూర్తిగా కుడికి. ఊడిన కారుకి తను కూచున్న ఎడంపక్కని అడ్డం పెట్టాడు. రేణు పక్కకి దాన్ని రానివ్వలేదు. రాత్రి చెత్త పారెయ్యడానికి భయపడే మనిషి ఆ అరక్షణంలో చేసిన పని అది.

కృష్ణమోహన్ పరిగెత్తుకుంటూ కిందికి వచ్చేసరికి రేణు ఏడవట్లేదు. శ్యామ్ చేతిని పట్టుకుని, "ఆశ్వయుజం తరవాత ఏంటి అంకుల్? చెప్పు అంకుల్," అని అడుగుతోంది. శ్యామ్ జవాబు చెప్పే స్థితి దాటిపోయాడు.

హైవే పోలీసులు రాత్రంతా టార్చిలైట్లు వేసి కొలతలు తీశారు. ముసలాయన కోసం కూడా వెతికారు. మనిషి లేడు, అడుగుజాడ లేదు, అక్కడ ఆపిన బండీ లేదు. అంతా అయ్యాక వాళ్ళలో పెద్దతను కృష్ణమోహన్‌తో ఒక మాటన్నాడు. మీ స్నేహితుడు ఆ జాగాలో ఒక్క నిమిషం బండి ఆపినా చాలేది, ఆ కారు మలుపులో కొండకి గుద్దుకుని నిలిచిపోయేది, జాగాలో ఉన్నవాళ్ళకి ఏమీ అయ్యేది కాదు అన్నాడు.

నాకు శనివారం తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. గుంటూరులో శ్యామ్ అన్నయ్యకి ట్రంక్ కాల్ చేసి చెప్పాల్సింది నేనే అయింది. ఎలా జరిగిందని ఆయన అడిగితే, కారు ఊడిపోయిందన్నాను. అది అబద్ధం కాదు.

మధ్యాహ్నానికి ఆస్పత్రికి చేరాను. ఉష వరండాలో గోడకి ఆనుకుని ఉంది. నన్ను చూసి, "దిష్టితాడు నేనే కట్టానన్నయ్యగారూ, ఆ కేబుల్ తీయించింది నేనే," అంది. కృష్ణమోహన్ నన్ను చూసి, "మళ్ళీ పెట్టడం మర్చిపోయింది నేను," అన్నాడు. ఇద్దరూ ఎవరి తప్పు వాళ్ళు పట్టుకుని కూచున్నారు. వాళ్ళని ఓదార్చాను. మీ తప్పేం లేదు, రాత అన్నాను. అంత హాయిగా ఎలా అనగలిగానో నాకే తెలియదు.

తరవాత లోపలికి వెళ్ళాను. రేణు కాలికి కట్టు, నుదుటిమీద కుట్లు. నన్ను చూడగానే ముసలాయన గురించి అంతా చెప్పింది. మధ్యలో ఆపి నీళ్ళు తాగింది. తాగి, నా మొహంలోకి చూసింది.

"అంకుల్, హీ వజ్ నాట్ బ్యాడ్. ఆయన మాకు హెల్ప్ చేశాడు. మరి నువ్వు ఎందుకు చెప్పావు ఆపొద్దు అని?"

మందులు పనిచేసి ఆ పిల్ల నిద్రలోకి జారేదాకా అలాగే నిలబడ్డాను.

వాల్ట్ నాకు కథగా చెప్పలేదు. మధ్యాహ్నం శాండ్విచ్ తింటూ మూడు మాటల్లో చెప్పాడు. ఆ కొండల్లో పుట్టి పెరిగిన ప్రతివాడికీ తెలుసన్నాడు. "ముసలాయన చెయ్యెత్తితే ఆగు. ఎందుకని అడక్కు, ఆగు. ఆగినవాళ్ళందరూ ఇంటికి చేరారు," అన్నాడు.

నాకది రుచించలేదు. మన దెయ్యాలు అలా ఉండవు. మనకి రాత్రిపూట పిలిస్తే పలకకూడదు, చెయ్యూపితే ఆగకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. చిన్నప్పటినుంచీ అలాగే విన్నాం. దెయ్యం చెప్పిన మాట వింటే మంచి జరుగుతుందంటే ఎవడు భయపడతాడు? అందుకని ఆ రాత్రి లైటు తీసేసి, శ్యామ్ మొహంలోకి చూస్తూ, వాల్ట్ మాటని తిరగేసి చెప్పాను.

అతను ఇంకొంచెం భయపడితే చూద్దామని.